కోతి తల తిప్పిందా... లేదా?

పులీ గిలీ, పెన్నూ గిన్నూ... తెలుగిళ్లలో పిల్లలకు ఈ మాటలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అయినా ఇంట్లోకి కంప్యూటర్ వస్తే చాలు, 'కంప్యూటరూ గింప్యూటరూ' అనేస్తారు! మాట కొత్తదే, వరస మాత్రం పాతది.

ఇలా వరస పట్టేయడం మాటలు రాని పసివాళ్లకూ తెలుసని 1999లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారీ మార్కస్ బృందం చూపించింది. ఏడు నెలల పిల్లలకు 'గా టీ టీ', 'లీ నా నా' అంటూ రెండు నిమిషాలు వినిపించారు. తర్వాత వాళ్లెన్నడూ వినని శబ్దాలతో ఓసారి 'వో ఫే ఫే' అని, మరోసారి 'వో ఫే వో' అని వినిపించారు. వరస మారినప్పుడు పిల్లలు శబ్దం వచ్చేవైపు ఎక్కువసేపు చూశారు.

మరి కోతులో? కొలంబియా అడవుల్లో టామరిన్ అనే బుల్లి కోతులుంటాయి. తలమీద దూదిపింజలాంటి తెల్లజుట్టు వీటి గుర్తు. హార్వర్డ్ ప్రొఫెసర్ మార్క్ హాసర్ వీటికి ఒకే వరసను మళ్లీమళ్లీ వినిపించి, ఆ తర్వాత మార్చి చూశారు. స్పీకర్ వైపు తల తిప్పితే తేడా తెలిసినట్టే! పద్నాలుగు కోతులతో చేసిన ఈ ప్రయోగంలో వాటికి తేడా తెలిసిందని 2002లో ఆయన బృందం ప్రకటించింది.

చిక్కంతా ఇక్కడే. కోతి ఊరికే కూడా తల తిప్పుతుంది కదా! వీడియో చూసి 'తిప్పింది', 'తిప్పలేదు' అని రాసేది మనిషే. ఏ శబ్దం వినిపించారో ఆ మనిషికి ముందే తెలిస్తే, తాను కోరుకున్నదే కనపడుతుంది. అందుకే శబ్దం సంగతి తెలియకుండా ఇద్దరు విడివిడిగా చూసి రాయాలి.

హాసర్ ల్యాబ్‌లో పనిచేసే కుర్రవాళ్లు మరో ప్రయోగం వీడియోలను అలాగే చూశారు. ప్రొఫెసర్ లెక్కకూ వాళ్ల లెక్కకూ పొంతన కుదరలేదు. గైడు మీద ఫిర్యాదంటే మాటలా? చదువే ఆగిపోవచ్చు. అయినా వెళ్లి చెప్పారు. 2007లో విచారణ మొదలైంది. 2010లో టామరిన్ల వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. 2011లో హాసర్ ఉద్యోగం వదిలేశారు. ఆ వ్యాసంలోని ఒక గ్రాఫ్‌లో సగం అంకెలు కల్పితమేనని 2012లో అమెరికా ప్రభుత్వ విభాగం తేల్చింది. అలవాటైన వరసను కోతులకు తిరిగి వినిపించనేలేదట! పొరపాట్లు జరిగాయన్న హాసర్, కావాలని చేశానని మాత్రం ఒప్పుకోలేదు.

అలాగని కోతులకు వరస తెలియదనుకుంటే అదీ తప్పే. 2013లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మకాక్, మార్మొసెట్ కోతులకు అర్థంలేని మాటలను ఓ క్రమంలో వినిపించి, తర్వాత ఆ క్రమం తప్పించారు. మార్మొసెట్లు తేలికైన తప్పుల్ని పట్టుకుంటే, మకాక్‌లు ఇంకాస్త సూక్ష్మమైనవీ పట్టేశాయి. ఈసారి మకాక్‌ల చూపు ఎటు తిరిగిందో కొలిచే పని యంత్రానికీ అప్పగించారు.

కోతి చెవిని పరీక్షించే ముందు, చూసే మనిషి కంటిని పరీక్షించుకోవాలన్నమాట!