దాచిన మందు, దాగని ముప్పు

మధుమేహం వస్తే మసీదు వరండాలోనే పదిమందికీ చెప్పుకుంటాం. మనసుకు జబ్బు చేస్తే మాత్రం మందుల చీటీని బట్టల అడుగున దాచేస్తాం. ఆడపిల్ల సంబంధం తప్పిపోతుందేమోనని, ‘పాగల్’ అన్న ముద్ర పడుతుందేమోనని భయం. ఈ దాపరికమే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

లిథియం సంగతే చూడండి. బైపోలార్ వ్యాధికి దశాబ్దాలుగా వాడుతున్న మందు ఇది. మేలు చేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే రక్తపరీక్షలు చేసి మోతాదు నిర్ణయిస్తారు. ఇది మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకున్నా, రక్తపోటుకు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి మొదలుపెట్టినా ఆ విసర్జన మందగించి రక్తంలో లిథియం పెరగవచ్చు. చేతుల వణుకు, వాంతులు, విరేచనాలు, తూలుడు, మాట తడబడటం దాని హెచ్చరికలు. అవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి మాత్ర అవసరమైతే ఏది వాడవచ్చో ముందుగా వైద్యుణ్ణే అడగాలి.

ఒంట్లో నీరు తగ్గినా ఇదే ప్రమాదం. కనుక ఈ మందు వాడేవారు రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. వ్యాధిగ్రస్తులకు దివ్య ఖుర్ఆన్ ఉపవాసాల్లో సడలింపు ఇచ్చింది. మనోవ్యాధి కూడా వ్యాధే. అలాగని భయపడి మందును సొంతంగా మానేయడం మరో ముప్పు.

ఇందులో హక్కు సంగతీ ఉంది. చికిత్స వివరాలను, తెలిసిన దుష్ప్రభావాలను రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 23వ సెక్షన్ గోప్యతకు హామీ ఇస్తోంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించారు. అయినా ఆంగ్లం రాని తల్లి చేతికి ఆంగ్లంలో రాసిన చీటీ, ‘రోజుకు రెండు’ అన్న మాట తప్ప మరేమీ అందకపోతే ఆ చట్టం ఎవరి కోసం? ఏ మందుతో ఏది కలపరాదో తెలుగులో, ఉర్దూలో ముద్రించిన పత్రాన్ని ప్రభుత్వ ఆసుపత్రులు మందులతోపాటే ఇవ్వాలి. దీన్ని మనం రాతపూర్వకంగా కోరాలి.

మన బాధ్యతా తక్కువేమీ కాదు. హకీం ఇచ్చిన మందుతో సహా ఇంట్లో వాడే మందులన్నింటి పేర్లూ ఒక కాగితంపై రాసి, ప్రతి వైద్యునికీ, మందుల దుకాణంలోనూ చూపాలి. మసీదు కమిటీలు నిర్వహించే వైద్య శిబిరాల్లో ఈ ప్రశ్నను చాటుగా, మర్యాదగా అడిగే ఏర్పాటు ఉండాలి. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.