కాన్వెంటు ప్రార్థన - మన బాధ్యత

కర్నూలు, కడప పట్టణాల్లో పిల్లల్ని కాన్వెంటులో చేర్పించే ముస్లిం తల్లిదండ్రులను ఒక సందేహం పీడిస్తుంటుంది: అక్కడి ప్రార్థనలో నిలబడితే బిడ్డ ఈమాన్ ఏమవుతుంది? సందేహం సమంజసమే.

ముందు చట్టం సంగతి. ప్రభుత్వ గుర్తింపు గానీ, సహాయం గానీ పొందిన విద్యాసంస్థలో సంరక్షకుల సమ్మతి లేనిదే మైనరు విద్యార్థిని మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని నిర్బంధించరాదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. సాధారణంగా కతోలిక బడుల్లో క్యాటకిజం కతోలిక పిల్లలకే, తక్కినవారికి నీతిబోధ. క్రైస్తవ సంప్రదాయాలను ఇతర మతాల పిల్లలపై రుద్దవద్దని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కూడా 2024లో తన బడులకు సూచించింది. కనుక అభ్యంతరం ఉంటే మర్యాదగా రాసివ్వండి. రచ్చ అక్కర్లేదు.

సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు 30వ అధికరణ వారికీ, మనకూ సమానంగా ఇచ్చింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాల స్థాపించారు. మన సంస్థల్లో చదివే హిందూ, క్రైస్తవ పిల్లలకూ 28(3) రక్షణ ఉంది. ధర్మంలో బలవంతం తగదన్న ఖుర్ఆన్ బోధ (2:256) ముందుగా మనకే వర్తిస్తుంది.

ఇక ఇంటి సంగతి. దివ్య ఖుర్ఆన్ 31వ సూరాలో కుమారునికి తౌహీద్, నమాజ్, వినయం బోధించినవాడు తండ్రి లుఖ్మాన్. మనమో ట్యూషన్ కోసం మక్తబ్ మాన్పిస్తాం, కలిమా అర్థమైనా చెప్పం, నేరం కాన్వెంటుపై మోపుతాం. ఇది న్యాయమా? ఫజ్ర్ తర్వాత అరగంట బిడ్డ దగ్గర కూర్చోండి. తన దీన్ తెలిసిన పిల్లవాడు పరాయి ప్రార్థన విన్నంత మాత్రాన తడబడడు.