హక్కునకు కాపుదల

1948 సెప్టెంబరు వరకు జుక్కల్ నిజాము ఏలుబడిలో నుండెను. అచటి రైతు ప్రభువునకు మొరపెట్టుకొనవచ్చునేగాని, ప్రభువు శాసనమును హక్కుగా ప్రశ్నింపజాలకుండెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము ఈ స్థితిని మార్చెను. ప్రాథమిక హక్కునకు భంగము కలిగినవాడు 32వ అధికరణము ననుసరించి నేరుగా సుప్రీంకోర్టును, 226వ అధికరణము ననుసరించి హైకోర్టును ఆశ్రయింపవచ్చును. 32వ అధికరణమును అంబేద్కర్ రాజ్యాంగమునకు హృదయముగను, ఆత్మగను భావించెను.

తోటి ఖైదీ పడిన హింసనుగూర్చి తీహారు కారాగారమునుండి ఒక ఖైదీ వ్రాసిన లేఖనే సుప్రీంకోర్టు విన్నపముగా స్వీకరించి, 1979లో తీర్పు చెప్పెను.

అయినను ద్వారము తెరచియుండుట మాత్రమే చాలదు, దారియు తెలియవలెను. జుక్కల్ కూలివానికి హైదరాబాదు దూరము; న్యాయవాది రుసుము భారము. 1987 నాటి చట్టము పేదలకు ఉచిత న్యాయసహాయమును కల్పించినది. ఈ సంగతిని ఊరూర తెలియజెప్పుట చదువుకొన్నవారి విధి. తెలియని హక్కు ఎవ్వరిని కాపాడజాలదు.