ఆ కుర్చీకి పుస్తకాల చదువు కావాలి

ఒక ఏడు ఎండాకాలంలో మా శాఖా గ్రంథాలయానికి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన పుస్తకాలన్నీ బీరువాల్లోంచి తీసేసి, జాబితా రాసి పంపమని. సంతకం చేసిన అధికారిది వేరే శాఖ. మా శాఖ ఆయనకు ఇన్‌చార్జి బాధ్యత. మంచి మనిషి. ఫైలు ఒక్కరోజు కూడా ఆపేవారు కాదు. కానీ పుస్తకానికి వయసు ఎట్లా లెక్కగట్టాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆయన లెక్కన ముందుగా పోయేవి తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన పాత పుస్తకాలు. మళ్లీ అచ్చుకాని జ్ఞాపకాలు, చిన్న చిన్న కరపత్ర సంపుటాలు. ఆ పోరాటంలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన కడవెండి మా జనగామ జిల్లాలోనే ఉంది. ఆ పుస్తకాల కోసం డిగ్రీ పిల్లలు ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. మరోపక్క సిలబస్ మారిపోయి ఎవరూ ముట్టని పోటీ పరీక్షల గైడ్లు రెండు బీరువాల నిండా ఉన్నాయి. వాటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు కాబట్టి ఉండిపోవాలి.

పుస్తకం తీసెయ్యడానికి మాకు నేర్పిన పద్ధతి వేరు. లోపల అంటించిన గడువు చీటీ చూస్తాం, చివరిసారి ఎప్పుడు బయటికి వెళ్లిందో తెలుస్తుంది. ఇంకో ప్రతి దొరుకుతుందా, మళ్లీ అచ్చయిందా, ఈ ఊరితో, ఈ నేలతో దానికేమైనా సంబంధం ఉందా అని చూస్తాం. అన్నీ చూశాకే యాక్సెషన్ రిజిస్టర్‌లో దాని నంబరు ఎదుట ఎర్రసిరాతో కొట్టేస్తాం. మా సర్టిఫికెట్ కోర్సులో ఇదంతా ఒకే ఒక్క పాఠం.

నేను రెండు పుస్తకాలు సంచిలో వేసుకుని ఆ అధికారి దగ్గరికి పోయాను. గంటసేపు చెప్పాను, ఓపిగ్గా విన్నారు. "ఈ మాట ముందే ఎవరన్నా చెప్తే బాగుండేదమ్మా" అన్నారు. ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు కూడా. అప్పటికే ఇంకోచోట కొన్ని మూటలు తూకానికి పోయాయి. వాటిలో ఏమేం ఉన్నాయో ఇప్పుడు చెప్పగలవాళ్లు లేరు.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా చేశాను. జనగామ, మానుకోట, భూపాలపల్లి, మూడుచోట్లా గ్రంథాలయం తాళాలు నా కొంగున కట్టుకుని తిరిగాను. రిటైరయ్యాక కూడా నన్ను వదలని బాధ ఒకటుంది. గ్రేడ్-3 లైబ్రేరియన్‌గా చేరే పిల్లను గ్రంథాలయ శాస్త్రం పాసయ్యావా అని అడుగుతాం. పుస్తకాలేవి కొనాలో, డబ్బెక్కడ పెట్టాలో తేల్చే పై కుర్చీల దగ్గరికి పోయేసరికి ఆ ప్రశ్న అడిగేవాళ్లుండరు. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్‌ను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. దానికి గ్రంథాలయ చదువు షరతు కాదు. ఇక ఇన్‌చార్జి పాలన మా శాఖకు కొత్త కాదు, ఎన్ని ప్రభుత్వాలు మారినా అది పోలేదు.

ఆ కుర్చీల చేతిలో ఉండేది చిన్న డబ్బేం కాదు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. జనగామలో కిరాణం కొట్టాయన, బయ్యారంలో రైతు, భూపాలపల్లిలో గని కార్మికుడు, అందరూ కడుతున్నారు. మున్సిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. బకాయి ఎంతో తేల్చి, లెక్క పట్టుకుని కమిషనర్ ఎదుట కూర్చుని రాబట్టడం గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పని. మూడు శాఖల ఫైళ్లు మోసే ఇన్‌చార్జికి ఆ తీరిక ఎక్కడిది?

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. అప్పుడు నాకు ఆశ కలిగింది. వరంగల్ మొత్తానికి ఒకటే గ్రంథాలయ సంస్థ ఉండేది, ఇప్పుడు ఏ జిల్లాకు ఆ జిల్లాయే చూసుకోవచ్చు కదా అని. ఎందుకంటే నేను చేసిన ఈ మూడు ఊళ్ల పాఠకులు ఒక్కతీరు కాదు. భూపాలపల్లి కేటీకే గనుల్లో రాత్రి షిఫ్టు మనిషి పొద్దున ఏడింటికి బాయి ఎక్కి వస్తాడు. మేము తలుపు తీసేది ఎనిమిదింటికి. ఆ గంట ఆగలేక ఇంటికి పోయి పడుకుంటాడు. సాయంత్రం పూట రెండో షిఫ్టువాళ్లు గనిలోనే ఉంటారు. వాళ్లను పుస్తకం దగ్గరికి తేవాలంటే వేళలు మార్చాలి. అది లైబ్రేరియన్ చేతిలో లేదు. మానుకోట చుట్టూ తండాలు. పిల్లలు ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతారు, బడికి వచ్చాకే తెలుగు. వాళ్లకు పెద్దక్షరాల బొమ్మల పుస్తకాలు కావాలి. బొమ్మ చూసి కథ తమ భాషలో చెప్పుకుంటారు, అక్కణ్నుంచే తెలుగులోకి దిగుతారు. మాకు వచ్చిన పెట్టెల్లో మాత్రం ఒకే గైడు పది పది ప్రతులు ఉండేవి. పాఠకుణ్ని చూసి పుస్తకం ఎంచడం ఒక విద్య. అది కుర్చీ ఎక్కగానే వచ్చేది కాదు.

చదువు లేకుండా వచ్చినవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరేనాటికి లెక్కల పంతులు. గ్రంథాలయ శిక్షణ ఏదీ లేదు. విశ్వవిద్యాలయం ఆయన్ను లండన్ పంపి నేర్పించింది. తిరిగొచ్చి దేశానికే గ్రంథాలయ శాస్త్రం నేర్పారు. తెలుగువాళ్లం అంతకుముందే గ్రంథాలయం విలువా, శిక్షణ విలువా గ్రహించినవాళ్లం. 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. 1920లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వాళ్లు గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు పెట్టారు. చందాలతో, ఊరూరా తిరిగి. అంత పేదరికంలో వాళ్లకు దొరికిన తీరిక మనకెందుకు దొరకదు?

సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ప్రేమ వస్తుందా అని అడుగుతారు. రాదు. నా దగ్గర పనిచేసిన అటెండరు ఒకాయన ఏడో తరగతి చదివాడు. ఏ ముసలాయన ఏ పేపరు కోసం వస్తాడో, ఎవరికి కళ్లజోడు మరిచిపోయే అలవాటో ఆయనకు తెలుసు. అట్లాంటి మనిషి ప్రతి గ్రంథాలయంలో ఉండాలి. కానీ బకాయి సెస్సు రాబట్టడానికి, కేటలాగు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి, రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ సాయం కోసం సరిగ్గా దరఖాస్తు పెట్టడానికి ప్రేమ ఒక్కటే చాలదు. నేర్చుకున్నది కూడా పాతబడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2010 నుంచి పబ్లిక్ లైబ్రేరియన్ సర్టిఫికెట్ పొందినవాళ్లు ప్రతి ఐదేళ్లలో 60 గంటల శిక్షణ పూర్తిచేయాలి. నేను చేరినప్పుడు నేర్చుకున్న దానితోనే రిటైరయ్యాను. మధ్యలో కంప్యూటర్ వచ్చింది, మా మేనల్లుడి దగ్గర నేర్చుకున్నాను.

నేను కోరేది ఎక్కువేం కాదు. చైర్మన్ పదవి ప్రజల మనిషికే ఇవ్వండి, బాధ్యత తీసుకున్న నెలలోనే పదిహేను రోజులు శిక్షణ ఇప్పించండి. కార్యదర్శి మాత్రం గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ ఉన్నవారే కావాలి, ఇన్‌చార్జి కాదు, ఆ జిల్లాకే పూర్తికాలం. రాష్ట్ర డైరెక్టర్‌కూ ఇదే నియమం. ఐదేళ్లకోసారి అందరికీ మళ్లీ పాఠాలు, మళ్లీ పరీక్ష.

చదివినవాళ్లు దొరకరని చెప్పకండి. కాకతీయ విశ్వవిద్యాలయం, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో కూడా ఆ డిగ్రీ ఇస్తున్నాయి. మొన్న మానుకోట పోయినప్పుడు పాత అలవాటు కొద్దీ గ్రంథాలయంలోకి తొంగిచూశాను. కిటికీ పక్కన ఒక తండా అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు పెట్టుకుని చదువుతోంది. ఏం చదివావు బిడ్డా అంటే, లైబ్రరీ సైన్స్ డిగ్రీ అయిపోయింది మేడం అంది. ఆ చదువుకు నోటిఫికేషన్ కోసం చూసి చూసి, ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోంది.