చిత్రము తేలికగా, అక్షరము అక్షరముగా

పూర్వము పాఠశాల పత్రికలో ఒక ఛాయాచిత్రమును ముద్రింపవలెనన్న దానికి లోహపు బ్లాకు చేయింపవలసి వచ్చెడిది. బ్లాకు పెద్దదైన కొలది ఖర్చు పెరిగెడిది. కావున ఏ చిత్రము వేయదగినది, ఎంత పరిమాణమున వేయదగినది యని సంపాదకులు ముందుగా ఆలోచించెడివారు. నేడు ఆ ఖర్చు లేదు. వార్షికోత్సవము ముగిసిన గంటకే పదుల కొలది చిత్రములు అంతర్జాలమున కెక్కుచున్నవి. అయితే ఖర్చు నిజముగా పోలేదు. పంపువాని నుండి పుచ్చుకొనువానికి మారినది, అంతియే. ఈ విషయమున మన పాఠశాల రెండు నియమములను పాటింపవలెనని నా అభిప్రాయము. అంతర్జాలమున పెట్టు చిత్రమును తేలిక చేయవలెను. తెలుగు అక్షరమును చిత్రముగా మార్చరాదు.

మొదట పుచ్చుకొనువారి సంగతి చూతము. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు మన పిల్లల ఇండ్లలో పలుచోట్ల ఇంటి కొక్కటే సెల్ ఫోను. తండ్రి పనికి పోయిన ఫోనును వెంట పోవును. రాత్రి ఇల్లు చేరునప్పటికి ఆనాటి డేటా చాలవరకు ఖర్చై యుండును. ఒక్కొక్కటి 4 మెగాబైట్లు గల 40 చిత్రములను పాఠశాలవారు పెట్టిరనుకొందము. అన్నియు కలిసి 160 మెగాబైట్లు. వానినే తగిన రీతిని కుదించి ఒక్కొక్కటి 300 కిలోబైట్లు చేసిన, మొత్తము 12 మెగాబైట్లు మాత్రమే యగును. తన బిడ్డ బహుమతి అందుకొను దృశ్యమును చూడగోరు తల్లికి ఈ రెంటికి నడుమ గల భేదము చిన్నది కాదు.

ఇంత తగ్గించిన చిత్రము చెడిపోదా యని సందేహము కలుగవచ్చును. అసలు బరువు ఎచ్చట నున్నదో తెలిసికొన్న ఈ సందేహము తీరును. నేటి ఫోను తీయు చిత్రము సాధారణముగా అడ్డమునకు 4000, నిలువునకు 3000 చుక్కలు గలది. అనగా 1 కోటి 20 లక్షల చుక్కలు. దానిని చూపు ఫోను తెర వెడల్పు పెక్కింట 1080 చుక్కలే. తెర చూపజాలని చుక్కలను పంపుట వలన ఎవరికి ప్రయోజనము? చిత్రమును 1600 × 1200 చుక్కలకు తగ్గించిన 19 లక్షల 20 వేల చుక్కలు మిగులును. ఇది మొదటి దానిలో ఆరవ వంతు కంటెను తక్కువ. అయినను ఫోనుపై చూచువాని కంటికి లోటు కనబడదు.

రెండవ ఉపాయము జేపెగ్ అను పద్ధతి. ఇది 1992 నాటికి అంతర్జాతీయ ప్రమాణమైనది. మన కన్ను వెలుగునీడల భేదమును గుర్తించినంత నిశితముగా రంగుల భేదమును గుర్తింపజాలదు. కావున రంగుల వివరమును అడ్డముగను నిలువుగను సగమునకు తగ్గించి, నాలుగవ వంతు మాత్రమే నిలుపుట ఈ పద్ధతిలో వాడుక. పిమ్మట చిత్రమును అడ్డమునకు 8, నిలువునకు 8 చుక్కలు గల గడులుగా విభజించి, ప్రతి గడిలోను ఛాయలు ఎంత నెమ్మదిగా, ఎంత త్వరగా మారుచున్నవో లెక్కగట్టుదురు. నెమ్మదియైన మార్పులను జాగ్రత్తగా నిలిపి, కంటికి అంతగా అందని సూక్ష్మమైన మార్పులను విడిచిపెట్టుదురు. ఈ లెక్కకు మూలమైన గణితమును 1974లో ప్రకటించిన ముగ్గురిలో నసీర్ అహమ్మదు ఒకరు. ఆయన 1940లో, మన హోసూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరున జన్మించెను. మరియొకరు మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన కామిశెట్టి రామమోహనరావు. మూడవవారు టి. నటరాజన్. నేడు లోకమంతట ప్రతి దినము వాడబడు విద్యకు మన పొరుగున చదువుకొన్నవారు పునాది వేసిరన్న మాట విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

కుదించుటకును హద్దు కలదు. జింప్ వంటి ఉచిత సాధనములలో నాణ్యతను సూచించు అంకె యొకటి యుండును. దానిని 75కును 85కును నడుమ నుంచిన, ఛాయాచిత్రములకు చాలవరకు సరిపోవును. అయినను అంకెను నమ్మి ఊరకుండరాదు. తల వెండ్రుకలు, చీర అంచు, మేఘము లేని ఆకాశము, ఈ మూడింటిని పరిశీలింపవలెను. ఆకాశమున గడులు గాని మెట్లవంటి చారలు గాని కనబడిన, కుదింపు మితిమీరినదని గ్రహింపవలెను. కుదించిన దానిని మరల మరల దిద్ది జేపెగ్‌గా దాచిన కొలది నాణ్యత క్షీణించును. అందుచే మూలచిత్రమును చెక్కుచెదరకుండ రెండు వేరువేరు స్థలములందు భద్రపరచి, దాని ప్రతినే కుదింపవలెను. పెద్దల చిత్రములను పాడుచేయుచున్నారను ఆక్షేపణకు ఇదియే సమాధానము. అచ్చువేయవలసి వచ్చినప్పుడు మూలము మన యొద్దనే యుండును.

ఇంకొక జాగ్రత్త. ఫోను తీసిన చిత్రమునందు తీసిన వేళయు, కొన్ని యెడల తీసిన స్థలమును సంఖ్యల రూపమున దాగి యుండును. పిల్లల చిత్రములను లోకమునకు చూపునప్పుడు ఈ వివరములను తొలగించుట బరువు తగ్గించుటకు కంటె వారి క్షేమమునకు ముఖ్యము.

ఇక నా రెండవ మాట. దీనినే నేను మొదటిదానికంటె గొప్పదిగా నెంచుచున్నాను. మనము తెలుగున వ్రాయు ప్రకటనలు, పరీక్షల పట్టికలు, పిల్లల వ్యాసములు తరచుగా కాగితముపై వ్రాసి, ఫోటో తీసి పంపబడుచున్నవి. ఛాయాచిత్రమునకు మేలు చేయు జేపెగ్ అక్షరమునకు కీడు చేయును. ముఖమునందలి ఛాయ మెల్లగా మారును. అక్షరపు అంచు నలుపు నుండి తెలుపునకు ఒక్కసారిగా మారును. అట్టి చోట కుదింపు హెచ్చిన కొలది అక్షరము చుట్టు మసక క్రమ్మును. ర ఠలకు భేదము నడిమి చుక్క. ద ధలకు భేదము క్రింది చిన్న గీత. ఆ చుక్కయు గీతయు మసకబారిన తరువాత తెలుగున మిగులునదేమి? అక్షరములతో కూడిన పటమునో రేఖాచిత్రమునో చిత్రముగానే పెట్టక తప్పనప్పుడు, ఏ వివరమును పోగొట్టని పి.ఎన్.జి. పద్ధతి వాడవలెను. కేవలము వ్రాత యైనచో చిత్రముతో పనియే లేదు.

యూనికోడు ప్రమాణమునందు 1991 నుండియు తెలుగునకు చోటు కలదు. అంతర్జాలమున సాధారణమైన అమరికలో తెలుగు లిపి సంకేత మొక్కటికి 3 బైట్లు పట్టును. 1500 సంకేతములు గల పుటకు 4500 బైట్లు చాలును. అదే పుటను ఫోటో తీసిన 4 మెగాబైట్లు కావచ్చును; అనగా సుమారు 900 రెట్లు బరువు. పిట్ట కొంచెము కూత ఘనము అను సామెత యూనికోడు తెలుగునకు చక్కగా తగును. అక్షరముగా నున్న దానిని వెదకవచ్చును, పెద్దది చేసి చదువవచ్చును. చూపు లేని విద్యార్థికి దానిని పైకి చదివి వినిపించు సాధనములు కలవు. చిత్రమైన వ్రాతయందు ఈ మేళ్లు నేరుగా లభింపవు. వ్రాతను చిత్రము నుండి గుర్తించు యంత్రములు వచ్చినను, మసక వ్రాతయందు అవి తడబడును.

తెలుగున టైపు చేయుట కష్టమని కొందరందురు. నేటి ఫోనులలో తెలుగు కీబోర్డు సులభముగా లభించును. ఉన్నత తరగతి విద్యార్థి కొన్ని దినములు సాధన చేసిన చాలును. డేటా చవకయైనది గదా, ఇంత ప్రయాస ఎందుకని మరికొందరందురు. చవకయని నీటిని వృథాగా పారబోయము గదా! అదియు గాక, ఇది ఖర్చుతో తీరు విషయము కాదు. ఆంధ్ర, తెలంగాణములందు తెలుగు వీధి పలకపైన, కార్యాలయమున, అంగడిలో కనబడును. మన ప్రాంతమున బడి గడప దాటిన పిల్లవానికి తెలుగు అక్షరము కనబడు చోట్లు కొన్నియే. వానిలో ఇంటి ఫోను ఒకటి. అచ్చటను తెలుగు మసక బొమ్మగా నుండి, తక్కిన భాషలు స్పష్టమైన అక్షరములుగా నుండిన, తన భాష ఈ కాలమునకు తగినది కాదని పిల్లవాడు తలంచుటలో ఆశ్చర్యమేమి?

కావున పాఠశాలవారు తెలుగు ప్రకటన లన్నింటిని ఇకపై అక్షర రూపముననే పంపవలెను. పాత సంచికల పుటలను చిత్రములుగా భద్రపరచుచు, వాని క్రింద వ్రాతను టైపు చేయించి యుంచవలెను. విద్యార్థులారా! ఆ పని మీది. వారమునకు ఇద్దరు చొప్పున తలకొక పుట తీసికొన్నను, సంవత్సరము తిరుగునప్పటికి ఒక పాత సంచిక లోకమునకు చదువ వీలగును. తలిదండ్రులారా! బడి నుండి తెలుగు వ్రాత చిత్రముగా వచ్చినచో, అక్షరముగా పంపుడని నిర్మొగమాటముగా అడుగుడు. అది మీ హక్కు.