బ్రాడక్ ఆడపడుచు కెమెరా

ఆండ్రూ కార్నెగీ 1875లో తన తొలి ఉక్కు మిల్లు తెరిచింది పెన్సిల్వేనియాలోని బ్రాడక్‌లో. ఆ ఊరి చరిత్రలో ఆయన పేరు తప్పకుండా ఉంటుంది. మిల్లు పొగ పీల్చి బతికిన నల్లజాతి కుటుంబాలు మాత్రం అరుదుగా కనిపిస్తాయి.

1982లో అక్కడే పుట్టిన ఫొటోగ్రాఫర్ లటోయా రూబీ ఫ్రేజియర్ ఆ లోటు పూడ్చే పని సొంత ఇంటి నుంచే మొదలుపెట్టారు. అమ్మమ్మను, అమ్మను, తనను ఏళ్ల తరబడి నలుపు తెలుపుల్లో ఫొటోలు తీశారు. కొన్నింటికి తల్లే కెమెరా పట్టారు. జబ్బులు, 2010లో మూతపడిన ఊరి ఆస్పత్రి కూడా ఆ కుటుంబ కథలో భాగమే. 2014లో ‘ద నోషన్ ఆఫ్ ఫ్యామిలీ’ పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాది మెకార్థర్ ఫెలోషిప్.

తర్వాత మిషిగన్‌లోని ఫ్లింట్. 2014లో నీటి వనరు మార్చాక అక్కడి కుళాయి నీళ్లలో సీసం చేరింది. 2016లో పత్రిక పనిమీద వెళ్లిన ఫ్రేజియర్, పని ముగిశాకా ఊరిని వదల్లేదు. తన ఫొటోల ప్రదర్శనలో వచ్చిన డబ్బుతో, గాలిలోని తేమను తాగునీరుగా మార్చే యంత్రం 2019లో ఆ ఊరు చేరడానికి తోడ్పడ్డారు.

కష్టాన్ని అందంగా చూపడం అన్యాయమనే వాదన ఈ చిత్రాల ముందు నిలవదు. ఇక్కడ ఫొటోలో ఉన్నవాళ్లే కథ చెప్పేవాళ్లు. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆమె కృషి గురించే.