చెప్పుకొనే నోరు, దాచుకొనే చెవి

మానవుడు శరీరానికి వచ్చిన రోగాన్ని వైద్యునికి చూపడానికి అంతగా సంకోచించడు. మనసులోని పుండును మాత్రం కన్నతల్లికైనా చూపక కప్పిపుచ్చుకొంటాడు. చూపితే ఏమవుతుందో అన్న భయమే దీనికి కారణం. ఆ భయం తీర్చడానికి ప్రతి మతమూ ఏదో ఒక మార్గం ఏర్పరచుకొన్నది. క్రైస్తవ సంఘాలలో కానవచ్చే ‘సాక్ష్యం’ అనే ఆచారం అటువంటిది. దానిని గూర్చి నాలుగు మాటలు మా విద్యార్థులతో పంచుకోదలచాము. ముస్లిములమైన మాకు ఆ ఊసెందుకని ఎవరైనా అడగవచ్చు. ఒకే బల్ల మీద మూడు మతాల పిల్లలు కూర్చొనే కళాశాలలో పాఠం చెప్పేవారికి పొరుగింటి దీపం ఎట్లా వెలుగుతున్నదో తెలుసుకోవడం పరాయి పని కాదని మా సమాధానం.

నగరానికి ఉత్తరపు అంచున, షామీర్‌పేట, మేడ్చల్ దారులకు చేరువలో ఉన్న జవహర్‌నగర్ నుండి మా తరగతులకు పలువురు విద్యార్థులు వస్తారు. అది వలస వచ్చినవారి ఊరు. బ్రతుకుతెరువు వెతుక్కొంటూ పలు జిల్లాల నుండి తరలివచ్చి, నెత్తిన రేకుల కప్పు వేసుకొని, కూలికీ, తాపీపనికీ, ఇండ్లలో పాచిపనికీ పోయేవారు అక్కడ ఎందరో ఉన్నారు. సొంత ఊళ్లో కష్టం వస్తే చెప్పుకోవడానికి ఒక మేనమామో, ఒక పెద్దమ్మో ఉండేవారు. వలస వచ్చిన చోట ఆ వరుసలు దొరకవు. అట్టి చోట ఒక చిన్న గదిలో నడిచే ప్రార్థన కూటం కొత్త బంధువర్గం వంటిది. ఆదివారం నాడు ఒక స్త్రీ లేచి నిలబడి తన ఇంటి కష్టాన్ని పదిమంది ఎదుట చెప్పుకొంటుంది. వినేవారు కన్నీరు పెట్టుకొంటారు. సోమవారం నాడు ఎవరో ఒకరు ఆమె గుమ్మం ముందు బియ్యం సంచితో నిలబడతారు. వేదాంతం ఎరుగని వారు కూడా దీని విలువ ఎరుగుదురు.

ఇందుకు మన హైదరాబాదులోనే ఒక పెద్ద ఉదాహరణ కలదు. గోల్కొండ చౌరస్తా వద్ద ‘హెబ్రోను’ అనే ప్రార్థనామందిరం ఉన్నది. దానిని స్థాపించిన భక్త్‌సింగ్ తెలుగువారు కారు. 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో జన్మించి, ఇంజనీరింగు చదువుకై ఇంగ్లండుకూ, పిదప కెనడాకూ పోయి, అచ్చట క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించి, 1932లో వాంకోవర్ నగరంలో బాప్తిస్మం పొందారు. 1933లో ఆయన బొంబాయిలో ఓడ దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురువచ్చి, కుటుంబ మర్యాద కోసం ఈ సంగతి బయటపెట్టవద్దని కోరినట్లు ఆయన జీవితచరిత్రలు చెబుతున్నవి. ఆయన అంగీకరించలేదు. వారు ఆయనను బొంబాయిలోనే విడిచి వెళ్లిపోయారు.

మతం మార్చుకోవడం మంచిదా కాదా అన్న చర్చలోకి మేము దిగడం లేదు. దాచిపెట్టి ఇంటివాడుగా ఉండడమా, నిజం చెప్పి దిక్కులేనివాడు కావడమా అన్న సంకటమే ఇచ్చట ముఖ్యం. తప్పిన పరీక్షను తండ్రికి చెప్పలేని విద్యార్థి మొదలు, తాగుడు మానలేనని భార్యకు చెప్పలేని భర్త వరకు ఈ సంకటంలో పడని వారెవరు? ఇల్లు పోగొట్టుకొన్న ఆ మనిషి తరువాత తన జీవితమంతా ఇల్లు లేనివారికి ఇల్లు వంటి సంఘాలు కట్టడంలోనే గడిపారు. 1941లో మద్రాసులోనూ, 1950 ప్రాంతంలో హైదరాబాదులోనూ ఆయన నెలకొల్పిన సంఘాలలో కుర్చీలు లేవు. పాదరక్షలు బయట విడిచి అందరూ నేల మీద చాప పరచుకొని కూర్చొంటారు. ఆరాధన గంటల తరబడి సాగుతుంది. ముగిసిన పిదప పంక్తులు తీరి కూర్చొని కలిసి భోజనం చేస్తారు. దానిని వారు ‘ప్రేమవిందు’ అంటారు.

ఆ పంక్తిభోజనాన్ని మేము అన్నింటికంటె మిన్నగా ఎంచుతాము. సాక్ష్యానికి ముందు చాప కావాలి. ఒకడు కుర్చీలోనూ మరొకడు నేల మీదనూ ఉన్న చోట నేల మీదివాడు నిజం చెప్పడు. పైవానికి నచ్చే మాట చెబుతాడు. తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఈ సంగతికి లోతైన మూలాలున్నవి. 1876-78 నాటి మహాక్షామం తరువాత ఒంగోలు ప్రాంతంలో క్లో దొర ఆధ్వర్యంలో 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరి చావడి మెట్టు ఎక్కనోచుకోని మాదిగ కుటుంబాలవారు. తరతరాలుగా పక్కన కూర్చోనివ్వని లోకంలో బ్రతికినవారికి, ఒకడు వచ్చి పక్కన కూర్చొని తన విస్తరి పక్కనే విస్తరి వేసుకోవడం ఉపదేశం కంటె పెద్ద ఔషధం కాదా? (ఆ పంక్తులలోకి కూడా కులం పలుచోట్ల తిరిగి ప్రవేశించిన మాట నిజమే. దళిత క్రైస్తవులే ఆ సంగతి గొంతెత్తి చెప్పారు. దాపరికం లేని మాటకు అదీ ఒక ఉదాహరణ.)

ఇంతవరకు మెచ్చుకొన్నాము. ఇక మా అభ్యంతరం. నేటి సాక్ష్యాలు ఎక్కువగా భూతకాలంలోనే ఉంటాయి. ‘తాగేవాణ్ణి, మానివేశాను’, ‘రోగం ఉండేది, పోయినది’, ‘అప్పులుండేవి, తీరినవి’. గెలిచినవానికి వేదిక దొరుకుతున్నది. ఇంకా తాగుతున్నవాడు, ఇంకా ఏడుస్తున్నది, ప్రార్థించినా బిడ్డ దక్కని తల్లి ఎప్పుడు లేచి నిలబడాలి? వారు నిలబడితే విశ్వాసం చాలలేదన్న మాట వినవలసి వస్తుందేమోనని భయపడి చాప మీదనే కూర్చొండిపోతారు. అందరితో పాటు చప్పట్లు కొడతారు. ఆధ్యాత్మికంగా ఎదగడం అంటే బాధ లేకుండా పోవడం అన్న పొరపాటు దీని వెనుక ఉన్నది. ఆ భక్త్‌సింగే తన చివరి పదేండ్లు పార్కిన్సన్ వ్యాధితో మంచాన ఉన్నారు. ఆయన రోగం పోలేదు. హెబ్రోనులోని విశ్వాసులు ఆయనకు ఆ ఏండ్లన్నీ సేవ చేశారు. 2000 సెప్టెంబరు 17న ఆయన అచ్చటనే కన్నుమూశారు. వేదిక మీది ఎన్నో విజయగాథల కంటె ఆ పదేండ్ల సేవయే మాకు గొప్ప సాక్ష్యంగా తోస్తున్నది.

పైపై సంతోషంతో కప్పిన దుఃఖం ఏమవుతుందో తెలియాలంటే జవహర్‌నగర్ వారు దూరం పోనక్కరలేదు. మహానగరపు చెత్తనంతా ఏండ్ల తరబడి అక్కడ గుట్టగా పోశారు. పిమ్మట ఆ గుట్టపై మట్టి కప్పి, పచ్చిక పెంచారు. పైకి చూపులకు బాగానే ఉన్నది. కాని అడుగున ఊరిన నల్లని నీరు మల్కారం చెరువును పాడుచేసినది.

ఇక రెండవ అభ్యంతరం, మొదటిదానికంటె బరువైనది. కూటంలో చెప్పిన మాట కూటంలో ఉండదు. ‘ఫలానా అమ్మ కోసం ప్రార్థన చేయండి, ఆమె భర్త ఇట్లా చేస్తున్నాడట’ అన్న ప్రార్థన మనవి సాయంత్రానికి బస్తీ అంతా పాకుతుంది. భక్తి ముసుగు వేసుకొన్న చాడీని పట్టుకోవడం కష్టం. ఒకసారి ఇట్లా గాయపడిన స్త్రీ మరల నోరు విప్పదు. సంఘాన్ని విడువదు కూడా. వచ్చి మౌనంగా కూర్చొంటుంది. ఇది మన క్రైస్తవ సోదరుల లోపం మాత్రమే అని మేము అనడం లేదు. మసీదు మెట్ల మీదా, దేవాలయపు అరుగు మీదా, మా అధ్యాపకుల గదిలోనూ ఇదే జరుగుతున్నది.

నిజం చెప్పినందువలన మనిషి బాగుపడిన చోట్లను పరిశీలిస్తే, ప్రతి చోటా ఒక తాళం కనబడుతున్నది. కథోలికులు పాపసంకీర్తనం అని పిలిచే సంస్కారాన్ని తీసుకోండి. ఏడాదికి ఒకసారైనా గురువు వద్ద పాపాలు ఒప్పుకోవాలని 1215 నాటి లాటరన్ మహాసభ విధించినది. కాని అదే సభ, విన్నది బయటపెట్టిన గురువుకు కఠినమైన శిక్ష కూడా విధించినది. చెప్పేవానికి ఒక విధి పెట్టినవారు వినేవాని నోటికి తాళం వేయకుండా విడువలేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక దలాలీ, ఒక వైద్యుడు, ఇద్దరూ తాగుడుకు లోబడినవారే, ఒకరికొకరు నిజం చెప్పుకొని తాగుడు మానిన పిదప పుట్టిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంగతీ ఇంతే. ఫ్రాంక్ బుక్మన్ అనే క్రైస్తవ బోధకుని బృందాల నుండి వారు ఒప్పుకోలు పద్ధతిని గ్రహించారు. అయితే దానికి ఒక నియమం తామే చేర్చారు. సభ్యుని పేరు బయటికి పోరాదు. వారి సంస్థ పేరులోనే ఆ నియమం ఇమిడి ఉన్నది.

మనోవిజ్ఞానవేత్తలు కూడా ఈ దారికే వచ్చారు. జేమ్స్ పెన్నిబేకర్ అనే ఆచార్యుడు 1986లో ప్రకటించిన పరిశోధనలో కొందరు విద్యార్థుల చేత నాలుగు రోజుల పాటు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని మిక్కిలి బాధాకరమైన అనుభవాన్ని గూర్చి వ్రాయించారు. జరిగినదానితో పాటు తమ మనసు పడిన వేదనను కూడా వ్రాసినవారు, వ్రాసిన రోజున కొంత కుంగిపోయినా, తరువాతి నెలలలో వైద్యుని వద్దకు పోవడం తగ్గినదని ఆయన గుర్తించారు. ఆ వ్రాతల మీద వారి పేర్లు లేవన్న సంగతి మరువరాదు.

మా ధర్మంలో ఒప్పుకోలుకు గురువు లేడు. తౌబా దాసునికీ దేవునికీ నడుమ జరిగేది. తన తప్పును ఊరంతా చాటుకోవడం మంచిది కాదని, తోటివాని తప్పును కప్పినవాని తప్పును దేవుడు కప్పుతాడని మా పెద్దలు బోధించారు. మరి సాక్ష్యానికీ దీనికీ పొత్తు కుదురుతుందా? కుదురుతుందనే మా అభిప్రాయం. తప్పును చాటడం వేరు, భారాన్ని పంచుకోవడం వేరు. సభలో విన్న మాట అమానత్తు, అనగా ఒకరు మనవద్ద దాచిన సొమ్ము, అని కూడా ఆ పెద్దలే చెప్పారు. దాచిన సొమ్మును ఖర్చు పెట్టుకొన్నవానిని లోకం దొంగ అంటుంది. దాచిన మాటను ఖర్చు పెట్టుకొన్నవానికి మనం పక్కన చోటిచ్చి, ‘ఊఁ, తరువాత?’ అని అడుగుతున్నాము.

ఇదంతా మా విద్యార్థులతో ఎందుకు చెబుతున్నామంటే, 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజులలోనే తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ ఫలితాల తయారీలో పొరపాట్లు జరిగినట్లు ప్రభుత్వం నియమించిన కమిటీయే పిమ్మట చెప్పినది. ఆ పిల్లలకు నమాజు తెలుసు, ప్రార్థన తెలుసు, పూజ తెలుసు. ఆ ఒక్క సాయంత్రం ఓడిపోయిన మాట చెప్పుకొని తలవంచుకోకుండా ఉండగల చోటు వారికి ఎంతమందికి దొరికినదో! 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలీ మానస్ పేర 14416 అనే ఫోను సంఖ్యను ఏర్పాటు చేసినది. మంచి పనియే, విద్యార్థులు దానిని గుర్తుంచుకోవలెను. కాని ఎరుగని గొంతు కంటె ఎరిగిన ముఖం ఎక్కువ ధైర్యమిచ్చే వేళలు ఉంటాయి.

అందుచేత కళాశాల యాజమాన్యానికి మేము ఒక విన్నపం చేస్తున్నాము. వారానికి ఒక గంట, ఒక గది కేటాయించండి. బల్లలు తీసివేసి చాపలు పరిపించండి. అధ్యాపకులు వస్తే వారూ చాప మీదనే కూర్చొనవలెను. క్రైస్తవ విద్యార్థులు తమ సాక్ష్యపు అలవాటును తెచ్చి మిగిలినవారికి నోరు విప్పడం నేర్పవచ్చు. ముస్లిం విద్యార్థులు అమానత్తును నేర్పవచ్చు. గెలిచిన కథలకు సభలూ, బహుమతుల రోజులూ ఉన్నవి కనుక ఆ గంటలో ఇంకా తీరని సంగతులకే చోటు ఉండవలెను. ప్రాణాపాయం తోచిన మాట వినబడితే మాత్రం, చెప్పినవానికి తెలిపే, అతనిని ఒంటరిగా విడువక, వైద్యుని వద్దకు తోడుగా పోవలెను. తక్కిన ఏ మాటా గడప దాటరాదు. మరొక చిన్న సంగతి: ఆ గంటకు హాజరుపట్టీ వేయరాదు.